తెల్ల గౌను, నల్ల రిబ్బన్

బాత్, ఇంగ్లండ్, 1812 ఫిబ్రవరి 3

నాన్న ఒప్పుకున్నారు! గురువారం బాల్ డాన్స్‌కి వెళ్తున్నాం.

అమ్మ పోయి ఇంకా నాలుగు నెలలే. మా ఊళ్ళో అయితే ఈపాటికి నన్ను ఆడిపోసుకునేవాళ్ళు. నాన్న కీళ్ళనొప్పులకి ఇక్కడి వేడినీటి బుగ్గల నీళ్ళు తాగించడానికి వచ్చాం, మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ లేరు. డాన్స్ చేసుకో తల్లీ, కానీ అమ్మ పోయిన గుర్తుగా నడుముకి నల్ల రిబ్బన్, చేతులకి నల్ల గ్లోవ్స్ మాత్రం మానకు అన్నారు. మీ అమ్మ కుట్టిన గౌను పెట్టెలో మగ్గిపోతే ఆవిడ ఊరుకోదు అని కూడా అన్నారు.

ఫిబ్రవరి 5

వేసుకుని చూశాను. తెల్ల మస్లిన్, గుండెల కిందే బిగించే నడుము, పొట్టి బుట్టచేతులు, అంచంతా వెండిజరీ గోధుమ కంకులు. ఆ కంకులు అమ్మ మంచంలో ఆనుకుని కుట్టింది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా బట్టని దూరంగా పట్టుకునేది.

నన్ను కన్నది కాదు. మా ఇంటికి కుట్టుపనికి వచ్చింది, నాన్న పెళ్ళి చేసుకున్నారు. నన్ను పెంచింది ఆవిడే.

నల్ల రిబ్బన్ కట్టుకున్నాను. పాలగిన్నెలో బొద్దింక పడ్డట్టుంది.

ఫిబ్రవరి 7, ఉదయం

చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

నాన్న కాలునొప్పితో నేరుగా పేకాట గదికి వెళ్ళిపోయారు. నేను శాలువాలు విప్పే గదిలో రిబ్బన్ ఊడదీసి చేతిసంచీలో కుక్కాను. దాచి తెచ్చుకున్న తెల్ల గ్లోవ్స్ తొడుక్కున్నాను. మిసెస్ వింటర్‌బోర్న్ మేనల్లుడితో రెండుసార్లు డాన్స్ చేశాను. ఈ ఊళ్ళో ఆవిడ తల ఊపితే ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుంటుందట.

ఆవిడ నన్ను పిలిచి, కంటి అద్దం పెట్టి అంచు చూసింది. ఏం పనితనమే పిల్లా, ఎవరు కుట్టారు, నా దగ్గరికీ పంపించవూ అంది. మా అమ్మ అని నోటిదాకా వచ్చింది. కుట్టుపనిదాని కూతురని మొహం తిప్పుకుంటుందేమోనని భయం వేసింది. మా ఇంట్లో కుట్టుపని చేసే మనిషండీ, పోయింది అన్నాను. అయ్యో, మంచి కుట్టుమనిషి పోతే మళ్ళీ దొరుకుతుందా అంది. నేను నవ్వాను. అవును, నవ్వాను కూడా.

తల తిప్పితే వెనక నాన్న. చేతిలో నాకోసం నిమ్మరసం.

అంత పనిమంతురాలా అండీ అని ఆవిడ ఆయన్నే అడిగింది. నాన్న నా మొహం చూశారు. నడుము చూశారు. చక్కగా కుట్టేదండీ అన్నారు. గ్లాసు నా చేతికిచ్చారు.

చెంప పగలగొట్టినా బాగుండేది. దారిలో నా గౌను అంచు బురదలో పడకుండా ఆయనే ఎత్తి పట్టుకుని నడిచారు.

ఫిబ్రవరి 8

కొక్కేనికి ఉన్న నాన్న టోపీకి అమ్మ పోయినప్పట్నుంచీ ఉండే నల్ల పట్టీ లేదు. ఏమైంది నాన్నా అన్నాను. కుట్టుమనిషి కోసం ఎవరైనా నలుపు కడతారా తల్లీ అన్నారు. కోపం లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 10

మిసెస్ వింటర్‌బోర్న్ ఇంట్లో టీకి పిలుపు. నల్ల గౌనే వేసుకుని వెళ్ళాను. ఎవరు పోయారమ్మా అంది. మా అమ్మండీ, మీరు మెచ్చుకున్న గౌను ఆవిడే కుట్టింది, కుట్టుపనికే మా ఇంటికి వచ్చింది, ఆరోజు మీకు అబద్ధం చెప్పాను అన్నాను.

కుట్టుపని సంగతి ఆవిడ పట్టించుకోనే లేదు. ఎప్పుడు పోయింది అంది. చెప్పాను. తల్లి పోయి ఏడాదైనా తిరక్కుండా తెల్లగౌను వేసుకుని గంతులేశావా అంది. మేనల్లుడు కేకు కోయడంలో మునిగిపోయాడు. నాకు టీ పొయ్యలేదు.

తిరిగొచ్చి నాన్నకి అంతా చెప్పాను.

ఫిబ్రవరి 11

టోపీకి పట్టీ కుట్టి పెట్టాను. నాన్న వేలితో కుట్లు తడిమి చూశారు. వంకరగా ఉన్నాయి, మీ అమ్మయితే విప్పించేది అన్నారు.

విప్పుతున్నాను.