ఆయన గొంతు, మా అద్దె

అక్కకు,

నీ చెల్లెలు సరోజ నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్లకు మేం పంపిన నూనె ఏమైనా పని చేసిందా? మేమిక్కడ బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పడానికి భయమేసి రాస్తున్నాను. ఈ ఇంట్లో మాట ఎంత దూరం వినబడుతుందో నాకిప్పుడే తెలిసింది.

డిండోలిలో దీపావళి వచ్చిందంటే మా గల్లీలో ఇంటింటికీ అద్దె పెరుగుతుంది. కట్టలేనివాళ్లు కొందరు దూరంగా ఊరి బయట కిమ్ వైపు వెళ్లిపోయారు. మాకు మాత్రం వచ్చినప్పటి నుంచి ఒక్క రూపాయి పెరగలేదు. అదంతా నా మంచితనమే అనుకుని మురిసిపోయాను. మెట్లన్నీ నేనే ఊడుస్తాను. పైన ఉండే ఓనరమ్మ మాంసం ముట్టదు కాబట్టి గుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వను. పిల్లలు గుడ్డు తినాలంటే నవాగామ్‌లో మా ఆడపడుచు ఇంటికి పోవాల్సిందే. చుట్టాలు ఎక్కువ రోజులుంటే ఆమెకు నచ్చదని నిన్ను కూడా మర్నాడే రైలెక్కించాను. నువ్వు మూతి ముడుచుకుని వెళ్లావు.

మొన్న ఆదివారం ఆమె నన్ను పైకి పిలిచింది. ఇక్కడ పెద్దావిడను బా అంటారు. అద్దె పెంచమని కొడుకు పోరు పెడుతున్నాడట. మెట్ల సంగతి ఎత్తబోయానో లేదో, చెయ్యి పట్టుకుని హిందీలో అంది: "నేనున్నంత కాలం పెంచనివ్వను బేటీ. ఆ మనిషి రోజూ నీ మీద అట్లా విరుచుకుపడుతుంటే, పిల్లల్ని తీసుకుని నువ్వెక్కడికి పోతావు?"

ఎవరి గురించి అంటుందో నాకు కాసేపు అర్థం కాలేదక్కా. నీ మరిది సంగతి నీకు తెలుసు. చిన్నప్పటి నుంచి బట్ట నేసే సాంచెల మధ్య పనిచేసి చెవులు మందమయ్యాయి, ఏం చెప్పినా ఆ చప్పుడులో చెప్పినట్టే చెబుతాడు. మన దగ్గర ఇంటింటా అంతే కదా, నాకది అరుపని ఏనాడూ తోచలేదు. బాకు తెలుగు రాదు, గొంతు ఒక్కటే వినబడింది. ఇన్నాళ్లూ నేను ఊడ్చిన మెట్లు ఆమె కంట పడనే లేదు. నేను తన్నులు తింటున్నానని జాలిపడి అద్దె పెంచలేదు.

"నిన్న సాయంత్రం అంతలా ఏమన్నాడు?" అని అడిగింది.

ఆ ముందురోజు పని నుంచి రాగానే ఆయన అన్న మాట ఇదీ: "తిన్నవా లేదా? మొహం గట్ల వాడిపోయిందేంది? జర కూసో, రొట్టెలు నేను జేస్త."

ఊరుకుంటే సరిపోయేది. తలూపి కళ్లు తుడుచుకుంటే అద్దె అట్లాగే ఉండేది. కానీ ఆయన్ని అట్లాంటి మనిషిని చేసి నేను ఆ ఇంట్లో ఎలా ఉండను? తిన్నావా అని అడిగాడని చెప్పాను. ఆమె నమ్మలేదు. అదే మాట ఆయనలాగే గొంతెత్తి అని చూపించాను. కింద నుంచి ఆయన, "ఏందే సరోజా, పిలిచినవా?" అని కేక పెట్టాడు. బా ఉలిక్కిపడింది. తర్వాత మెల్లగా, "మరి నా కొడుక్కి ఇక ఏం చెప్పి ఆపను?" అంది.

వచ్చే నెల నుంచి అద్దె పెరుగుతుంది. చీరల దారాలు కత్తిరించే పని ఇంకో మూట తెచ్చుకుంటాను, నువ్వు కంగారు పడకు. ఎవరైనా ఇటు వస్తుంటే కారం పంపు. అమ్మకు, బావకు నా దండాలు. మమ్మల్ని దీవించమని అమ్మతో చెప్పు, పిల్లలకు ముద్దులు.

ఆయనతో మాత్రం ఫోన్‌లో ఈ మాట ఎత్తకు. అందరికీ పెంచినట్టే మనకూ పెంచారని చెప్పాను. పొద్దంతా సాంచెల చప్పుడులో ఆయనతో మాట్లాడే మనిషే ఉండడు. ఈ సంగతి తెలిస్తే గొంతు తగ్గించుకోవడం ఆయనకు చేతకాదక్కా, ఇంట్లో మాట్లాడటమే మానేస్తాడు.

నీ చెల్లెలు
సరోజ