ఎవరు ఎవరిని మోశారు

బాబాయిగారికి నమస్కారాలు. మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఈ ఆదివారం మీరు మా ఊరు రాక తప్పదు.

మా లైబ్రరీవాళ్ళు ఊళ్ళోని పాత సైనికుల అనుభవాలు రికార్డు చేస్తున్నారు. నాన్న, ఆయనతో పాటు పటాలంలో పనిచేసి ఇప్పుడు సెలూన్ నడుపుతున్న మామయ్య కలిసి వెళ్ళారు. యుద్ధంలో గాయపడిన తనను మామయ్యే వీపున వేసుకుని ఏరు దాటించాడని నాన్న చెప్పారు.

"నీకేమైనా మతిపోయిందా? మోసింది నువ్వు! నీ వీపు మీద ఏడ్చింది నేను!" అని మామయ్య లేచారు.

"ఏడ్చింది నేనురా!" అని నాన్న అరిచారు.

లైబ్రేరియన్ నవ్వు ఆపుకోలేక రికార్డింగ్ ఆపేసింది.

ఆ రోజు ఇద్దరికీ దెబ్బలే, ఇద్దరికీ ఒళ్ళు తెలియని జ్వరమే. అవతలి గట్టున నిలబడి పైకి లాగింది మీరేనట. అందుకే మీరొచ్చి తీర్పు చెప్పాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

అమ్మ పోయాక నాన్న గడప దాటలేదని మీకు తెలుసు. ఇప్పుడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని సెలూన్‌కి పోట్లాటకు బయలుదేరుతున్నారు. మధ్యాహ్నానికి నున్నగా గడ్డం గీయించుకుని, గొంతు బొంగురుపోయి, ఆవురావురుమంటూ వస్తున్నారు. "వాడి నోరు మూయించానులే" అంటూ మారు వడ్డించమంటున్నారు.

బాబాయిగారూ, మీ జ్ఞాపకశక్తి ఎంత గట్టిదో నాకు తెలుసు. మీ కాళ్ళు పట్టుకుంటాను, తప్పకుండా రండి, వచ్చి ఏమీ గుర్తులేదని చెప్పండి.

ఇట్లు,
మీ అమ్మాయి