లోపల నింపిన గుమ్మడాకులు

వరంగల్,
ఆదివారం మధ్యాహ్నం

మా స్వప్నక్కకు,

నీ చెల్లె రజిత దండాలు పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, బాపు బాగున్నారనుకుంటాను. బాపుకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోను చేస్తే బాపు స్పీకరు పెట్టేస్తాడు, మనిద్దరి మాటలు వాడకట్టంతా వింటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను, నవ్వకు.

తొర్రూరులో బస్సు ఎక్కి ఇక్కడికి వచ్చి రెండు నెలలు దాటింది. వాన పడితే హాస్టలు రేకుల చప్పుడుకు నిద్ర పట్టదు. ఇక్కడి పప్పుచారులో పప్పును వెతుక్కోవాలి. అయినా నిమ్మళంగానే ఉన్నాను, ఫికర్ పడకు. సాయంత్రాలు మాత్రం నీ కుట్టుమిషను చప్పుడు వినబడక ఏడుపొస్తుంది.

నేను పని నేర్చుకుంటున్న కంప్యూటర్ బొమ్మల ఆఫీసు నడిపే మా జరీనా మేడం గురించి నీకు చెప్పాలి. కంప్యూటర్ మీద బొమ్మ గీస్తారు, అది ఎలా కదలాలో ప్రోగ్రామూ తానే రాస్తారు. బొమ్మలేసేవాళ్లకు లెక్కలు రావని మన బళ్లో అనేవారు కదా, మేడంను చూశాక ఆ మాట అన్నవాళ్ల మీద కోపం వస్తోంది. నాకూ ఆమెలా కావాలని ఉందక్కా. బతుకమ్మ పండుగలోగా ఉద్యోగం ఖాయం కాకపోతే ఇంటికొచ్చి బి.ఇడి. చేయమని బాపు అన్న సంగతి నీకు తెలుసు.

ఖాయం చేసేముందు మేడం నాకొక పని ఇచ్చారు. ఖిలా వరంగల్ కోట చూడటానికి వచ్చేవాళ్ల కోసం పెద్ద తెర మీద బతుకమ్మను పేర్చాలి. ప్రతి పువ్వుకూ బరువుంటుంది, నిజం పూలలాగే ఒకదాని మీద ఒకటి నిలబడాలి. తంగేడు, గునుగు, బంతి గుండ్రంగా వరసలు పేర్చాను. ఎంత ముద్దుగా వచ్చిందో! గర్వంగా అందరినీ పిలిచి మీట నొక్కాను. నాలుగో వరస దాకా లేచి, మొత్తం లోపలికి కూలిపోయింది. పూలన్నీ తెర అడుగున కుప్ప. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

లెక్కలన్నీ తిరగేశాను, తప్పు దొరకలేదు. మేడం కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"లెక్క జర పక్కకు పెట్టు బేటా. మీ ఇంట్ల బతుకమ్మ ఎవరు పేరుస్తరు? ఎట్ల పేరుస్తరు?"

"మా అక్క పేరుస్తది మేడం. తాంబాళంల గుమ్మడాకులు పరుస్తది, చుట్టూ పూలు పెడ్తది, నడుమ..." అని ఆగిపోయాను.

నేను పూలందిస్తూ తొందరపెడితే నువ్వు తిట్టేదానివి, గుర్తుందా? "లోపల ఆకులు నింపకుంటె ఎట్ల నిలుస్తదే? జర ఆగు." గుమ్మడాకులు, తుంచిన కాడలు కూరితే గానీ పై వరస ఎత్తేదానివి కాదు. నేనేమో పైకి కనిపించే పూలే పెట్టాను. నడుమంతా బోలు.

ప్రతి వరస లోపలా ఆకులూ కాడలూ నిండేలా మళ్లీ రాశాను. ఈసారి పైన పసుపు గౌరమ్మను పెట్టేదాకా నిలిచింది. మేడం నా భుజం తట్టి, "వచ్చే నెల సంది నువ్వు మా మనిషివే" అన్నారు. ఈ మాట బాపుకు నువ్వే చెప్పు, అమ్మ పక్కనున్నప్పుడు చెప్పు.

ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే చింతకాయ తొక్కు పంపు. అమ్మకూ బాపుకూ నా దండాలు. పెద్దమ్మను అడిగానని చెప్పు. మీ అందరి దీవెన నా మీద ఉండాలి.

పండుగకు ముందే ఒకసారి వచ్చి ఆ తెర చూడాలి నువ్వు. అందరూ పూలు చూసి మురిసిపోతారు. నువ్వొక్కదానివే "లోపల నింపినవానే?" అని అడుగుతావు.

నింపానక్కా.

నీ చెల్లె,
రజిత