ఒంటి చేతికి అందే గుండీలు

అక్కా, మేమంతా కులాసా. కుట్టుకొట్టు తెరిచాను, బెంగపెట్టుకోకు.

"అందరికీ కుడతానంటే ఎవరూ రారు. ఎవరికి కుడతావో ముందు తేల్చుకో" అని మీ మరిది పోరుపెడితే, ఆఫీసు ఆడవాళ్లకే అని బోర్డు రాయించాను. నిన్న కుడిచెయ్యి పడిపోయిన ఒకావిడ వచ్చింది. "అమ్మా, ఒంటి చేత్తో పెట్టుకునేలా ఈ చొక్కా గుండీలు మార్చిపెడతావా?" అంది. నేను మిషను మీంచి తలైనా ఎత్తకుండా, "ఇది ఆఫీసువాళ్ల కొట్టండీ, ఇలాంటివి చెయ్యం" అనేశాను.

ఆవిడ సంచి అంచు పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో చొక్కా లోపలికి తోసుకుంటుంటే నువ్వే కళ్లముందు నిలిచావు. నీ చెయ్యి పోయాక నువ్వూ అచ్చం అలాగే సర్దుకుంటావు కదా! సిగ్గుతో చచ్చిపోయాను. వీధి మలుపు దాకా పరుగెత్తి, బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాను. గుండీలు తీసేసి, నొక్కితే అతుక్కునే వెల్క్రో పట్టీ కుట్టిచ్చాను. "ఆసుపత్రిలో నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. పంపనా?" అంది. ఆ మంచితనానికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇక నా కొట్టు వాళ్లదే. బోర్డు మార్పిస్తున్నాను.

అమ్మ పెద్దకత్తెర పంపించు. బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు. బట్టలు వేసుకునేటప్పుడు నీకు ఎక్కడ ఇబ్బందో బావగారి చేత రాయించు. మొహమాటపడకు అక్కా, సిగ్గు నా వంతు.

నీ చెల్లెలు