జానెడుకు రెండు వేళ్లు తక్కువ

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. అమ్మ మోకాళ్లు తప్ప ఇక్కడ అన్నీ క్షేమం. మోకాళ్లు కూడా క్షేమమేనని రాయమంది కానీ, గోడ పట్టుకుని నడుస్తున్న మనిషి మాట ఎంతవరకు నమ్మాలో నీకు తెలుసు. నువ్వు క్షేమమేనా అని ఈసారి అడగబోవడం లేదు. నీ ఉత్తరం చదివాక అడగడానికి మొహం చెల్లలేదు.

దీన్ని పోస్టులో వేయకుండా పిన్ని చేతికిచ్చి పంపుతున్నాను. నీ చేతికి తప్ప ఎవరికీ ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పాను. "ఏంట్రా అంత గుట్టు? పిల్లకి సంబంధమేమైనా చూశావా?" అని నవ్వింది. నవ్వనిచ్చాను. నువ్వు మాత్రం దీన్ని హాస్టల్ గదిలో అందరి ముందూ విప్పకు. ముఖ్యంగా నీ గదిలో ఉండే అక్క ముందు విప్పకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ కుట్టుమిషను అమ్మలేదు. వాడదు, ఎవర్నీ వాడనివ్వదు, రోజూ తుడుస్తుంది. నా జుట్టు సంగతి అడిగావు. ఉన్నవాటికి పేర్లు పెట్టుకునే దశకు వచ్చాను. నువ్వడిగిన చేతుల క్రీము రెండు డబ్బాలు పిన్ని సంచిలో ఉన్నాయి. ఆ బిగుతు గ్లవ్స్ రోజంతా వేసుకోవడం వల్ల వేళ్లు పూర్తిగా చాపలేకపోతున్నానని రాశావు. ఆ వాక్యాన్ని నేనెన్నిసార్లు చదివానో నీకు తర్వాత అర్థమవుతుంది.

ఇక చివరి ప్రశ్న. నాలుగు పేజీల ఉత్తరంలో, సంతకం కూడా అయిపోయాక, కింద చిన్నగా రాశావు. "అన్నయ్యా, నేను రాసింది ఎవరికైనా చెప్పావా?" అని. దాని దగ్గరికే వస్తున్నాను. కాస్త ఓపిక పట్టు. దీన్ని రెండుసార్లు మొదలెట్టి చింపేశాను, ఇది మూడో కాగితం.

మా వర్క్‌షాపు సంగతి నీకు కొత్తేం కాదు. మీరు అక్కడ బిగించే ఆ బుల్లి కంప్యూటర్‌కి మేమిక్కడ ప్లాస్టిక్ స్టాండ్లు పోస్తాం. ఆ స్టాండ్లకి ఉక్కులో అచ్చు కోసేది నేను. మీ కంపెనీ డబ్బా మారిస్తే నా అచ్చు పాత ఇనుప సామానుల వాడికి పోవలసిందే. పోయినసారి మోడల్ మారినప్పుడు, డబ్బా బజారులోకి వచ్చాక కొలుచుకుని స్టాండు చేసేసరికి మూడు వారాలు ఆలస్యమైంది. అప్పటికే వేరేవాళ్ల స్టాండ్లు ప్రతి కొట్టులోనూ ఉన్నాయి. మాలో ఇద్దరు పని మానుకోవలసి వచ్చింది. అందుకని ఈసారి కంప్యూటర్ రాకముందే అచ్చు కోసేయాలని మా ఓనరు పట్టుబట్టాడు.

రాని కంప్యూటర్‌కి కొలతలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పుకార్లనుంచి. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఓనరు ఫోను తెరిచి పెద్దగా చదివేవాడు. కొత్తది సగానికి సగం తగ్గిపోతుందని ఒకడు, తగ్గదు, లోపల చిప్పు మాత్రం మారుతుందని ఇంకొకడు. వెనకున్న సాకెట్లన్నీ ముందుకొస్తాయట. కాదు, రెండే వస్తాయట. మెమరీ రెట్టింపట. ఫ్యాను ఉండదట. ఒకాయన గుండ్రంగా ఉంటుందని బొమ్మ కూడా వేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఎవరూ చూడని డబ్బాకి రంగుతో సహా నిర్ణయమైపోయింది. వెడల్పుకే ఏడు రకాల అంకెలు వచ్చాయి. నేను విని నవ్వుకునేవాణ్ణి. అప్పటికే నీ ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది.

అది నువ్వు మూడు నెలల కిందట రాసింది. కొత్త మోడల్ పని అయ్యేదాకా ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటున్నారు, ఇక ఉత్తరాలే గతి అని మొదలెట్టావు. మధ్యలో ఇలా రాశావు: "ఇప్పుడు బిగించేది ముద్దొస్తోంది అన్నయ్యా, జానెడుకు రెండు వేళ్లు తక్కువ. బటన్ మాత్రం అడుగున పెట్టారు, ఎత్తితే గాని వెలగదు. ఎవడి బుర్రలో పుట్టిందో! ఎవరికీ చెప్పకు." నాన్న దగ్గర పెరిగిన పిల్లవి కదా. ఆయన టేపు ఎక్కడో పారేసుకోవడం, మనిద్దరి చేతులతో బల్లలు కొలిపించడం మనకి ఆటగా ఉండేది. లోకంలో ఇంకెవరైనా ఆ వాక్యం చదివితే, చిన్నదన్నమాట అనుకుని ఊరుకునేవారు. నేను ఊరుకోలేకపోయాను. నువ్వు ఉద్యోగానికి వెళ్లేముందు నీ స్క్రూడ్రైవర్‌కి పిడి చేసిచ్చాను కదా, అప్పుడు నీ చేతిని వర్నియర్ కొలబద్దతో కొలిచి అంకెలు వేసుకున్న కాగితం ఇంకా నా బల్ల మీద అతికించి ఉంది. నీ జాన నూట ఎనభై ఆరు మిల్లీమీటర్లు. రెండు వేళ్లు ముప్ఫై ఒకటి. తీసివేత రానివాడెవడు?

ఒకరోజు భోజనాల దగ్గర ఓనరు ఆ ఏడు అంకెల్లో ఏదో ఒకటి తేల్చాలన్నాడు. నేను చెప్పాను. నూట యాభై అయిదు, బటన్ అడుగున అని.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు ఓనరు.

"చెప్పేవాళ్లు చెప్పారు. కొయ్యమంటారా, వద్దా?"

మర్నాడే ఉక్కు తెప్పించాడు. పన్నెండు రోజులు కోశాను. ఆ తర్వాత జరిగింది నాకు చెప్పకుండా జరిగింది. ముందుగా ఆర్డర్లు పట్టుకుందామని ఓనరు నా డ్రాయింగును ఫొటో తీసి ఒక కొట్టువాడికి పంపాడు. కొట్టువాడు ఇంకొకడికి పంపాడు. వాడు నెట్‌లో పెట్టాడు. వారం తిరక్కుండా, కంపెనీ లోపలినుంచి డ్రాయింగు బయటపడిందని ఊరూ వాడా అదే మాట. ఇంకా రాని కంప్యూటర్‌ని అంతమంది చూసినట్టే మాట్లాడుతుంటే, మొదట్లో నాకు లోలోపల గర్వంగానే ఉంది. ఉన్నమాట ఎందుకు దాచాలి?

మంగళవారం నీ ఉత్తరం వచ్చింది. మీ గదిలో ఉండే అక్కని పదిహేను రోజులుగా పనిలోకి రానివ్వడం లేదని, డ్రాయింగుల బీరువా తాళం ఆమె దగ్గరే ఉండేది కాబట్టి ఆమే అమ్ముకుందంటున్నారని, సోమవారం విచారణ అని రాశావు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు సెలవు పెట్టి మందులు వేసిన మనిషి. నేను అక్కడికొస్తే, "తమ్ముడూ, మీ చెల్లెలు తిండి సరిగ్గా తినదు, మీరే చివాట్లు పెట్టండి" అని నన్ను పక్కకు పిలిచి చెప్పిన మనిషి.

బుధవారం కొత్త కంప్యూటర్ బజారులోకి వచ్చీ రాగానే ఓనరు ఒకటి తెచ్చాడు. అందరం చుట్టూ మూగాం. బటన్ అడుగునే ఉంది. స్టాండులో పెడితే, గలగల ఊగింది. వర్నియర్ పెట్టి చూశాను. నూట యాభై రెండు. మూడు మిల్లీమీటర్లు నాది ఎక్కువ. పోసిన స్టాండ్లన్నీ వృథా. ఓనరు లేచి వెళ్లి గోదాములో కూర్చున్నాడు. నన్ను తిట్టుంటే బాగుండేది.

నాకు స్టాండ్ల మీద లేదు మనసు. మూడు ఎక్కడ తప్పానా అని నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. అప్పుడు కనిపించింది ఆ గ్లవ్స్ వాక్యం. నువ్వు ఆ డబ్బాని కొలిచింది గ్లవ్స్ వేసుకున్న చేత్తో. బిగుతు గ్లవ్స్‌లో జాన కురచవుతుంది, వేళ్లు కాస్త లావవుతాయి. రెండూ కలిసి మూడు మిల్లీమీటర్లు. ఆ మూడూ అక్క కావాలనే మార్చిందని, దొరక్కుండా ఉండటానికి దొంగ తెలివి చూపించిందని వాళ్లంటున్నట్టు నువ్వే రాశావు, మంగళవారం అది నా బుర్రకెక్కలేదు. కాదు చెల్లాయ్. బీరువాలోంచి పోయిన డ్రాయింగైతే అంకె సరిగ్గా ఉండేది. ఆ తప్పు నీ చేతిది, ఆ లెక్క నాది. అక్క అందులో ఎక్కడా లేదు. ఈ సంగతి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే, ఇప్పుడు నువ్వు.

నిన్న మీ కంపెనీ ఆఫీసుకి ఫోను చేశాను. నీ పేరు ఎత్తకుండా, ఆ డ్రాయింగు వేసింది నేనే, ఊహించి వేశాను అన్నాను. అవతలాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "చూడండి, నేనే వేశానని చెప్పినవాళ్లలో మీరు నాలుగోవారు. మీకు పేరు కావాలేమో, మాకు రుజువు కావాలి. బటన్ అడుగున ఉందని ఎలా ఊహించారు?" అన్నాడు. జవాబు ఉంది, అది నీ చేతిరాతలో ఉంది. ఫోను పెట్టేశాను.

ఇంతదాకా రాసి ఒకసారి చదువుకున్నాను. ఓనరు పట్టుబట్టాడని, ఇద్దరి పని పోయిందని పైన రాశాను. అవి అబద్ధాలు కావు. కానీ నేను చెప్పింది అందుకు కాదు. ఆ రోజు అంకెల గురించి వాదన జరుగుతుంటే మా రంగుల మేస్త్రి నావైపు తిరిగి, "ఆయన్నెందుకు అడుగుతారండీ, ఆయనకి ఉక్కు తప్ప లోకం తెలీదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాలని చెప్పాను. అంతే. నన్నెవరూ బతిమాలలేదు, బెదిరించలేదు. ఎవరికీ చెప్పకు అని నువ్వు రాసిన కాగితం జేబులో పెట్టుకుని, అందరి ముందూ గొప్పకి పోయి చెప్పాను. అందరూ నోళ్లు తెరిచి చూశారు. ఎంతసేపనుకున్నావు? అన్నం గిన్నెలు కడుక్కునేంతసేపు. దానికోసం అక్క ఉద్యోగం పోతోంది. రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే ఇంకా సిగ్గు.

ఈ కవరులో ఇంకో రెండు కాగితాలున్నాయి. ఒకటి నేను రాసి సంతకం పెట్టింది. జాన, వేళ్లు, గ్లవ్స్, తీసివేత, అన్నీ వరసగా ఉన్నాయి. ఎవరైనా నీ చేతికి గ్లవ్ తొడిగి కొలిచి చూసుకోవచ్చు. రెండోది మూడు నెలల కిందటి నీ ఉత్తరం. అది లేకపోతే నా కాగితాన్ని ఎవరూ నమ్మరు. అది చూపిస్తే అక్క నిందనుంచి బయటపడుతుంది, నీ ఉద్యోగం పోతుంది. చూపించకపోతే ఎవరికీ ఏమీ తెలియదు, అక్క వెళ్లిపోతుంది. వేరే దారి దొరుకుతుందేమోనని రెండు రోజులు వెతికాను. దొరకలేదు.

రెండూ కలిపి నేరుగా కంపెనీకి పంపుదామని కవరు మీద అడ్రసు కూడా రాశాను. తర్వాత చింపేశాను. నీ మాటని నిన్నడగకుండా ఒకసారి వాడుకున్నాను. మంచికే అయినా రెండోసారి వాడుకోను. తప్పు నేను చేసి, బరువు నీ నెత్తిన పెడుతున్నానని తెలుసు. నువ్వు తిట్టినా పడతాను. నా మనసులో మాట అడిగితే, చూపించమనే చెబుతాను. కానీ రేపటినుంచి ఆ జీతం లేకుండా ఉండవలసింది నువ్వు, నేను కాదు. అందుకని ఆ మాటకి విలువ తక్కువే.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి మీ గేటు బయట ఉంటాను. ఆ కాగితాలు నీ చేతిలో ఉంటే నీతోపాటు లోపలికొస్తాను, అడిగినవాటికి నేనే జవాబు చెబుతాను. లేకపోతే ఎందుకని అడగను, ఎప్పుడూ అడగను. వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోతాను. రెంటిలో ఏదైనా, నన్ను చూసి మొహం మాత్రం తిప్పుకోకు.

ఇట్లు,
నువ్వు చెప్పొద్దన్నది చెప్పిన
నీ అన్నయ్య