గుడ్‌వైఫ్ అన్న పిలుపు

అక్కా,

బయలుదేరకు. అమ్మ బోస్టన్ జైలు నుంచి ఇంటికి వచ్చేసింది.

పక్కింటి థర్లో వాళ్ళ ఆవు చచ్చింది అమ్మ చేతబడి వల్లేనని పట్టుకుపోయారని రాశాను కదా. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరూ అమ్మను గుడ్‌వైఫ్ హాలెట్ అనలేదు. మర్యాదగల ఇల్లాలికి దక్కే ఆ పిలుపు తీసేసి, న్యాయాధికారితో సహా అందరూ “ఏయ్ సూజన్నా” అన్నారు. సంకెళ్ళకన్నా అదే అమ్మను ఎక్కువ బాధపెట్టింది.

అమ్మ జైల్లో ఉండగానే వాళ్ళ రెండో ఆవు కూడా చచ్చింది. కోసి చూస్తే కడుపు నిండా బురదనేలలో పెరిగే విషపు దుంపలే. దాంతో అమ్మను వదిలేశారు.

ఈ ఉదయం, ఫిర్యాదు చేసిన ఆ థర్లో భార్యే ఖాళీ కుండతో మన గుమ్మంలో నిలబడింది.

“మా పొయ్యి ఆరిపోయింది. నాలుగు నిప్పులు పెడతారా, గుడ్‌వైఫ్ హాలెట్?”

“ఏమన్నావు?” అంది అమ్మ.

“గుడ్‌వైఫ్ హాలెట్ అన్నానండీ.”

“జైలు చలికి చెవులు దిబ్బడేశాయమ్మా. ఇంకోసారి అను.”

ఆమె తల దించుకుని మళ్ళీ అంది. అమ్మ ఆ కుండ నిండా నిప్పులు పోసింది. తలుపు వేశాక గోడకు ఆనుకుని ఏడ్చింది. తర్వాత నన్ను రొట్టె అడిగింది. ఇంటికి వచ్చాక అమ్మ ఆకలి అనడం ఇదే మొదటిసారి, అక్కా.

నీ చెల్లి