ఆగిపోయే బాక్స్

నవతక్కా, బావ చూడకముందే చదివి తీసెయ్.

నిన్న ఫోన్ల "టీవీ లేక అమ్మకు పొద్దెట్ల పోతుందిరా" అన్నవ్. నీతోటి సుత నాకు నోరు పెగలదు. గిట్ల మెసేజ్ కొడితేనే చెప్పగల్త. సెటప్ బాక్స్ లేకుంటే బొమ్మ రాదని కేబులోళ్లు బంద్ చేసినసంది అమ్మ మంచిగున్నది. నీ పెండ్లయినంక నాయిన కొత్త పద్ధతి షురూ చేసిండు. ముందుగాల టీవీ సౌండ్ మొత్తం పెంచుతడు, గప్పుడు బెల్టు తీస్తడు. కింది ఇంట్ల ఉండే ఎల్లమ్మవ్వ "ఏందా సప్పుడు" అని అడిగితే "టీవీలది" అంటది అమ్మ. ఇప్పుడు టీవీ లేదు, కొడితే బయటికి ఇనబడతదని పండ్లు కొరుకుతుండు. "పోయి బాక్స్ తే, లేకుంటే నీ బొక్కలిరగ్గొడ్త" అన్నడు. ఏం చెయ్యాలె?

నీ విజ్జు

అక్కా,

నువ్వు తేవద్దన్నవ్. నేను తేకుంటే ఆయనే తెస్తడు, మంచిది తెస్తడు. అందుకే రెజిమెంటల్ బజార్ వచ్చిన. దుకాణపాయన కేబుల్ బాక్స్ చూపిచ్చి "ఇది ఎన్నడు ఆగదు" అన్నడు. చిన్న డిష్‌ది చూపిచ్చి "దీనికి నెలనెల కట్టుడు లేదు. గని డాబా మీద డిష్ జెర కదిలినా బొమ్మ, సౌండ్ రెండూ పోతయ్" అన్నడు. గదే ఇయ్యమన్న. "అందరు ఆగంది అడుగుతరు, నువ్వేందిరా ఆగేది అడుగుతున్నవ్!" అని నవ్విండు. నేను నవ్వలే.

విజ్జు

అక్కా, పరేషాన్ కాకు. నేను, అమ్మ ఇద్దరం ఎల్లమ్మవ్వ ఇంట్ల ఉన్నం. నాయి రెండు పండ్లు పోయినయ్.

పొద్దుగూకంగ సౌండ్ పెంచిండు. నేను డాబా ఎక్కి డిష్‌ను రెండు చేతులతోని తిప్పేసిన. పాట నడుమల తెగింది. ఇగ బెల్టు సప్పుడు ఒక్కటే, సందు మొత్తం ఇనబడ్డది. నాయినకు ఆపుడు రాలే, చెయ్యి దానంతటదే పోతున్నట్టున్నది. అమ్మ మొత్తుకునుడు ఇన్నొద్దులకు సాఫ్‌గ ఇన్న. నాయిన నిచ్చెనెక్కి వచ్చి డిష్ పీకి, దాని పైపుతోని నా మూతి మీద కొట్టిండు. పడితే లేపి మళ్ల కొట్టిండు. గప్పటికి సందులోళ్లు ఉరికొచ్చి పట్టుకున్నరు. "టీవీ సప్పుడది, టీవీది!" అని ఒర్రుతుండు నాయిన.

ఎల్లమ్మవ్వ ఆయన దిక్కు చూడలే. అమ్మనే అడిగింది, "టీవీదేనా విమలా?"

అమ్మ నెత్తురు కొంగుతోని తుడుచుకున్నది.

"టీవీ బంద్ ఉన్నదవ్వా."

నువ్వు రా అక్కా. ఈసారి నోటితోనే చెప్త.

నీ విజ్జు